వేలిముద్రకు సాక్షి

మా ఆఫీసులో ఎవరికీ "వద్దు" అని చెప్పే అలవాటు లేదు. మంచితనం అనుకునేరు, కాదు. వరంగల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, విద్యార్థుల సభలకూ సమావేశాలకూ అనుమతులిచ్చే సెక్షన్‌లో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్క కాగితం మీద కూడా "అనుమతి లేదు" అని రాయలేదు. పిల్లలు ఫలానా రోజు సభ పెట్టుకుంటామని, బయటినుంచి ఫలానా మనిషిని మాట్లాడటానికి పిలుస్తామని దరఖాస్తు తెస్తారు. ఆ మనిషి పైవాళ్లకు ఇష్టం లేకపోతే దరఖాస్తు మీద ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపుతాం. పిల్లలు జవాబు తెస్తే ఇంకో ప్రశ్న రాస్తాం. ఈలోగా సభ తేదీ దాటిపోతుంది, ఫైలు మూసేస్తాం.

ఈ విద్య నాకు నేర్పింది నేను చేరినప్పుడు సెక్షన్‌లో ఉన్న పెద్దసారు. "వద్దని రాసినవనుకో, రేపు గా కాగితం వట్టుకొని గేటు ముంగట కూసుంటరు. వివరాలు కావాలె అని రాయి. ఇగ ఎవని మీద కొట్లాడుతరు?" అనేవారు. ఆయన రిటైరై వెళ్లిపోయారు. విద్య మాత్రం నా చేతికి వచ్చింది, నిజం చెప్పాలంటే ఆయనకంటే నా చేతిలోనే బాగా పదునెక్కింది. నా నోరు కూడా అంత మంచిది కాదు. పిల్లలు ముందు కిటికీలోంచి తొంగిచూసి, నేను సీట్లో లేనప్పుడు లోపలికి వచ్చేవారని నాకు తెలుసు. తెలిసి కాస్త గర్వపడేదాన్ని కూడా.

ఒక వానాకాలంలో ఒక అమ్మాయి దరఖాస్తు తెచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది, చదువు చివరి ఏడు. నేను అలవాటుగా గడులు చూసుకుంటూ పోయాను. వక్త హోదా అన్నచోట "తల్లి" అని ఉంది. సంస్థ అన్నచోట ములుగు అవతల ఒక ఊరి పేరు. విద్యార్హతలు: లేవు. ప్రసంగ సారాంశం దగ్గర "ఆమెనే వచ్చి చెప్తరు" అని రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. "ఏందమ్మా ఇది, తల్లి అనేది హోదానా?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "పోయినేడు మా హాస్టల్‌ల చనిపోయిన పిల్ల వాళ్లమ్మ మేడం. ఏడాది అయితాంది. సభ పెట్టుకుంటాన్నం" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది వానల్లో అమ్మాయిల హాస్టల్లో ఒక పిల్ల డెంగీతో పోయింది. పరీక్షలు ఉన్నాయని అయిదు రోజులు జ్వరం దాచుకుంది. దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమైపోయింది. రూమ్మేట్‌కు తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదని హాస్టల్ అంతా అనుకున్నారు. మా సెక్షన్‌లో టీ తాగుతూ మేమూ అనుకున్నాం, అందరికంటే గట్టిగా నేనే అన్నాను. దరఖాస్తు కింది పేరు చూశాను, ఇప్పుడు నా ముందు నిలబడ్డది ఆ రూమ్మేటే.

పెద్దసారు స్థానంలో వచ్చిన మా సారు దరఖాస్తు చూసి తల పట్టుకున్నారు. "ఆమె స్టేజీ ఎక్కి వార్డెన్ పేరు తీసి ఏడ్సిందనుకోండి, తెల్లారి పేపర్ల వస్తది. జర చూసుకోండి మేడం" అన్నారు. జర చూసుకోవడమంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎర్ర పెన్ను తీసి "వక్త విద్యార్హతల పత్రాలు జతచేయలేదు" అని రాశాను. మర్నాడు ఆ అమ్మాయి, వక్త చదువుకోలేదు కాబట్టి పత్రాలు లేవని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి తెచ్చింది. ప్రసంగ సారాంశం ఒక పేజీ కావాలన్నాను. "తన కూతురి గురించి, జ్వరం గురించి పది నిమిషాలు మాట్లాడతారు" అన్న ఒక్క వాక్యాన్ని పేజీ మధ్యలో రాసి తెచ్చింది. బాధ్యత వహించే అధ్యాపకుడి సంతకం కావాలన్నాను. ఎన్ని గదుల తలుపులు తట్టిందో, ఎవరో కాంట్రాక్టు లెక్చరర్ చేత పెట్టించుకొచ్చింది.

అభ్యంతరకరంగా ఏమీ మాట్లాడనని వక్త స్వయంగా రాసిచ్చిన హామీపత్రం కావాలన్నాను. దాంతో ఆగిపోతుందని నా లెక్క. సోమవారం సభ అనగా శుక్రవారం పొద్దున్నే ఆ అమ్మాయి కౌంటర్ దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసింది. కింద ఊదారంగు వేలిముద్ర ఉంది.

"నిన్న పొయ్యి ఏయించుకచ్చిన మేడం. ములుగు దాక బస్సు, ఆడికెల్లి జీపు. వానకు తొవ్వంత బురద ఉన్నది" అంది. చెప్పుల మీద మట్టి ఇంకా అట్లాగే ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అప్పటికి మా సారు మెత్తబడ్డారు. "పాపం, అడిగినయన్ని తెస్తాంది గద, గా కాగితం రాంగనే లోపలికి పంపండి, సంతకం పెడ్త" అని ముందురోజే అన్నారు. నేను ఫైలు ఆయన టేబుల్ మీద పెడితే సరిపోయేది. పెట్టలేదు. ఆ పిల్ల మొండితనం మీద నాకు కోపం వచ్చింది. నేను రాసిన ప్రశ్నలన్నిటినీ ఒక్కటీ వదలకుండా దాటుకుంటూ వస్తోంది, నేను ఓడిపోతున్నానా అనిపించింది. వేలిముద్ర వైపు కాసేపు చూసి, "దీనికి సాక్షి సంతకం ఏది?" అన్నాను.

"నేనున్న గద మేడం. నా ముంగటనే పెట్టింది."

"దరఖాస్తు పెట్టిందానివి నువ్వు సాక్షివెట్లయితవు? ఆ ఊరోళ్లు ఇద్దరితోని పెట్టించుకొని రా."

ఆ అమ్మాయి బతిమాలలేదు. కళ్లలో నీళ్లు కూడా రాలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకోకుండానే "సరే మేడం" అని వెళ్లిపోయింది. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం, ఆఫీసు లేదు. తేదీ దాటిపోతుందని నాకు తెలుసు. వేలిముద్రకు సాక్షి అడగాలన్న ఆలోచన నాకు తప్ప ఇంకెవరికీ వచ్చేది కాదని ఆ సాయంత్రం బండి మీద హసన్‌పర్తిలోని ఇంటికి వెళ్తూ మురిసిపోయాను కూడా. ఛీ, ఎంత సిగ్గులేనిదాన్ని.

సోమవారం నేను వచ్చేసరికి మా సెక్షన్ బయట బల్ల మీద ఒక ఆవిడ కూర్చుని ఉంది. ఉతికిన నేత చీర, నూనె రాసి దువ్విన తల, ఒళ్లో కూతురి ఫోటో. ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. సభ లేదన్న కబురు ఆమెకు అందలేదు. తెల్లవారుజామునే బయల్దేరి వచ్చేసింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"అక్కా, మీటింగు ఎప్పుడు మొదలువెడ్తరు?"

"ఇంకా పర్మిషన్ రాలేదమ్మా."

"అస్తదా?"

"చూస్తాన్నం" అన్నాను. తలుపులకు తాళం వేసి ఉన్న సెమినార్ హాలు అక్కడికి నూరు అడుగుల దూరంలో ఉంది. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. పిల్లల మీద అంతలేసి లేచే నోరు ఆ పూట పెగల్లేదు. లోపలికి వెళ్లి నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాను.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుందామని బయటికి వస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది. "అక్కా, నాకు నలుగుట్ల మాట్లాడుడు రాదు. మూడు దినాలసంది మనసుల అనుకుంటాన్న. జర మీకు చెప్పి సూపిస్త, మంచిగున్నదో లేదో చెప్పుండ్రి" అంది. నేను అవుననేలోపే నిటారుగా నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని, ఎదురుగా వందమంది కూర్చున్నట్టు నా తల మీదుగా చూస్తూ మొదలుపెట్టింది.

"బిడ్డలారా, మా పిల్ల నాకు ఫోన్ల అబద్ధం చెప్పింది."

అంతే. రెండో మాట వింటే ఏమవుతానో అని భయమేసింది. "ఉండమ్మా, అన్నం తిని ఇప్పుడే వస్త" అని లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు డబ్బాలో సొరకాయ కూర. తిన్నానో లేదో కూడా గుర్తు లేదు, కూర మాత్రం గుర్తుంది. కావాలనే గంటసేపు కూర్చున్నాను. బయటికొస్తే బల్ల మీద సగం తాగిన నీళ్ల సీసా ఉంది, ఆమె లేదు. ఆ అమ్మాయి వచ్చి బస్టాండుకు తీసుకుపోయిందని మా అటెండర్ చెప్పాడు.

తర్వాత రెండు నెలలకు ఆ అమ్మాయే మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చింది. టీసీ తీసుకుని వెళ్లిపోతోంది, బకాయిలేమీ లేవని మా సెక్షన్ సంతకం కావాలి. ఒక్క సెమిస్టర్ మిగిలింది. "ఎందుకమ్మా, ఇన్నేండ్లు చదివి?" అన్నాను. "ఇక్కడ ఉండబుద్ధైతలేదు మేడం. హాస్టల్‌ల నన్ను చూస్తనే లేచి పక్కకు పోతాన్రు" అంది. ఆ కాగితం మీద నేను ఏ ప్రశ్నా రాయలేదు. రెండు నిమిషాల్లో సంతకం పెట్టేశాను.

అప్పటినుంచీ ఆ గొంతు నన్ను పట్టుకుంది. సభలకు ముందు హాలులో మైకు సరిచూసేవాడు "హలో, హలో" అంటాడు కదా, ఆ వెంటనే "బిడ్డలారా" అని వినిపించేది. మైకు ముందు ఎవరు నిలబడినా నాకు మొదటి వాక్యం ఆమెదే వినిపించేది, రెండోది మాత్రం వచ్చేది కాదు. మా సెక్షన్ బయటి బల్ల ఖాళీగా ఉంటే దాటి వెళ్లలేక వెనక మెట్ల మీదుగా తిరిగి వెళ్లేదాన్ని. అటెండర్‌తో బల్ల అక్కడినుంచి తీయించేశాను. తీయించాక ఆ చోటు ఇంకా భయంగా ఉండేది.

మా అమ్మాయి అప్పుడే హైదరాబాద్‌లో హాస్టల్లో చేరింది. రోజూ రాత్రి ఫోన్ చేసి "బాగనే ఉన్న మమ్మీ" అనేది. ఏ తల్లికైనా ఆ మాట చాలు. నాకు మాత్రం ఆ మాట చాలేది కాదు. "నిజం చెప్పు, నుదురు మీద చెయ్యి పెట్టి చూస్కో" అనేదాన్ని. ఒకసారి ఫోన్లో రెండుసార్లు తుమ్మిందని మొదటి బస్సు పట్టుకుని వెళ్లిపోయాను. అది స్నేహితుల ముందు సిగ్గుతో చచ్చిపోయింది. "నీకేమన్న పిచ్చి లేసిందా మమ్మీ!" అని గొడవపడింది. ఇంటికొచ్చాక మా ఆయనకు మొత్తం కథ చెప్పాను. ఆయన, "పొయ్యి ఆమె చెప్పేదన్న విని రారాదూ" అన్నారు.

వెళ్లాను. ములుగు దాకా బస్సు, అక్కడినుంచి జీపు, ఆ అమ్మాయి చెప్పిన దారే. మిరపకాయలు ఏరే రోజులు. ఆమె చేను నుంచి అప్పుడే వచ్చి వాకిట్లో చేతులు కడుక్కుంటోంది. నా ముఖం చూసి, "నీళ్లిచ్చిన అక్క గద!" అంది. ఆ మాటకు నేను చచ్చిపోయాను. ఆమె నన్ను నీళ్లిచ్చినదానిగానే గుర్తుపెట్టుకుంది. మంచం వాల్చింది, టీ పెట్టింది. మాటల్లో తెలిసింది, ఆమె నాకంటే నాలుగేళ్లు చిన్నది.

"ఆ రోజు నేను సగంల వెళ్లిపోయిన. మిగిలింది విననీకి వచ్చిన" అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. ఈసారి నిలబడలేదు. "ఏమున్నదక్కా. మా పిల్ల నాకు ఫోన్ల అబద్ధం చెప్పింది. బాగనే ఉన్ననే అమ్మా అన్నది. కన్నతల్లికే చెప్పలే. రూముల పిల్లతోని ఎవ్వలకు చెప్పనని ఒట్టు ఏయించుకున్నది. అండ్ల ఆ పిల్ల తప్పేమున్నది? ఎవ్వలు ఆమెను ఏమనకుండ్రి. గింతే. గిది చెప్పుదామనే అచ్చిన."

"మరి వార్డెన్..." అన్నాను.

"వార్డెనంటే ఎవలక్కా?"

 వార్డెన్ మాట వదిలేసి, "ఈ మాట ఆ పిల్లతోనన్న చెప్పకపోయినవా?" అని అడిగాను.

"చెప్పకేం? బస్టాండ్ల చెప్పిన. నన్ను ఊకుంచనీకే ఉత్తగ అంటానవమ్మా అని ఏడ్సింది. ఒక్కదానికి చెవుల చెప్తే గట్లనే ఉంటది. ఆమెను అన్నోళ్లందరు కూసున్న కాడ చెప్పాలె గదక్కా. అందుకే గా పిల్ల కాగితం తెస్తే ఏలు పెట్టిన."

టీ చల్లారిపోయింది. నేను తాగలేదని ఆమె చూసింది. జీపు హారన్ వినిపించింది. గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ ఎట్లన్న పాయె. ఆ పిల్ల ఫోన్ కలుస్తలేదు. నాకు గదే ఫికర్. మీ ఆఫీసుల తెలుస్తది గదా, సదువు అయిపోయిందా? బాగున్నదా?"

"బాగనే ఉన్నది చెల్లె" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. మెల్లగా చెయ్యి వదిలేసింది. ఆ మాట ఆమె అంతకుముందు ఫోన్లో విన్నదే.