గడప దాటి వచ్చిన రొట్టె

దానియేలు బుక్కరాయసముద్రంలో మా పక్కింట్లో ఉంటాడు. బండలు పరిచే పని. సొంతూరు విడపనకల్లు అవతల ఒక పల్లె. కొన్నేళ్ల కిందట క్రిస్మస్ ఆరాధనకు తాగొచ్చి పాస్టరు అయ్యగారిని అందరి ముందూ కొట్టాడు. అప్పటినుంచి సంఘం అతనికి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, నిలిపేసింది. మళ్లీ కావాలంటే సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. "ఒక్కణ్ణే పోలేనన్నా, తోడు రా" అన్నాడు. అందుకే ఈ ప్రయాణం.

అనంతపురంలో ఉదయం ఆరింటికి బళ్లారి బస్సెక్కాం. ఉరవకొండలో ఆగినప్పుడు నేను దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాను, నలభై రూపాయలు. దానియేలు టీ కూడా తాగలేదు. బల్ల తీసుకునేదాకా ఏమీ ముట్టకూడదని వాళ్ల అలవాటు.

"ఇస్తారా?" అని అడిగాను.

"తెలీదు. తినకుండా అయితే వచ్చినా."

ఉరవకొండ దాటాక నేల ఎర్రగా, చదునుగా పరుచుకుంటుంది. వాన లేక వేరుశనగ పైరు వాడిపోయింది. ఎండ ఆవిరిలో గాలిమరలు నేలకు ఆనకుండా నిలబడినట్టున్నాయి. బస్సు కదులుతోందో, అవే మన వైపు నడిచి వస్తున్నాయో కాసేపు తెలియలేదు. దానియేలు పెదవులు కదుపుతూ చెప్పాల్సిన మాటలు తనలో తాను అనుకుంటున్నాడు. విడపనకల్లులో దిగి, మనిషికి ముప్పై ఇచ్చి షేర్ ఆటో ఎక్కాం. ఊరు కనబడక ముందే పాట వినబడింది. అది ఎటునుంచి వస్తోందో చెప్పడం కష్టం, చేలే పాడుతున్నట్టుంది.

చర్చి రేకుల కప్పుది. నేను లోపల కూర్చున్నాను. దానియేలు గడప బయటే, చెప్పుల పక్కన ఎండలో కూలబడ్డాడు. ఆలస్యంగా వచ్చిన ఒక ముసలమ్మ అతన్ని చూసి ఆగింది.

"ఏమప్పా దానియేలూ, చెప్పులు కాయనీకి వచ్చినావా?"

అతను చెప్పులు పక్కకు జరిపి ఆమెకు దారిచ్చాడు.

పాట అయ్యాక అయ్యగారు లోపల అందరికీ రొట్టె పంచి, పళ్లెం పట్టుకుని గడప వైపు నడిచారు. ముందు వరుసలోంచి సంఘపెద్ద లేచాడు.

"అయ్యగారూ, ఇంగా ఒప్పుకోలు కాలేదు గదా."

"నన్ను కొట్టిండేది నాకు తెలీదా?" అన్నారాయన, వెనక్కి తిరగకుండానే. "నోరెండిపోయి కూచోనుండాడు. ముందు తిననీ. చెప్పేది తర్వాత చెప్తాడులే."

దానియేలు లేచి చేతులు కట్టుకున్నాడు. "అయ్యగారూ, నేను ఆ పొద్దు..."

"చెయ్యి చాపప్పా."

చాపాడు. రొట్టె తిన్నాడు. ఆ తర్వాత ఒప్పుకోవడానికి లోపలికొచ్చి నిలబడ్డాడుగానీ, దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. ఏడ్చాడు. సంఘపెద్ద జరిగి తన పక్కన చాప మీద చోటిచ్చాడు.

తప్పు ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుందని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఆ రోజు క్షమాపణే ముందు వచ్చింది. ఒప్పుకోలు దాని వెనక, తడబడుతూ వచ్చింది. దేవుని కృప గురించి నాకు ఇంతకంటే తెలియదు. సాయంత్రం ప్రార్థనకు ఉండమన్నారని దానియేలు అక్కడే ఆగిపోయాడు. నేను ఒక్కణ్ణే బస్సెక్కాను.

వెళ్లాలనుకునే వాళ్లకు ఒక మాట: ఆదివారం మధ్యాహ్నం ఆ పల్లె నుంచి ఆటోలు దొరకవు, మూడు దాటేదాకా ఆగాలి. ఎవరో ఒకరు అన్నానికి పిలుస్తారు. మొహమాటపడకుండా వెళ్లండి.