నా గుండెజబ్బు, సాయిబుగారి దగ్గు

ఆ రోజుల్లో పనిచేసే మనిషికి ఒంట్లో బాగుండటం, బాగుండకపోవడం అని రెండే ఉండేవి. లేచి తిరుగుతుంటే బాగున్నట్టు, మంచం పడితే బాగోలేనట్టు. మనసుకి పట్టిన అలసట ఒంటిని కూడా తినేస్తుందని ఇప్పుడు పత్రికల్లో వారం వారం రాస్తున్నారు. ఆ సంగతి నేను ఇరవై రెండేళ్ళ వయసులోనే కనిపెట్టాను గానీ, దానికి గుండెజబ్బు అని తప్పు పేరు పెట్టుకున్నాను. ఆ కథ ఎప్పుడు చెప్పినా మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాకపోతే సగం దాకానే.

గుంటూరులో మా మేనమామకి మిరపకాయల కొట్టు ఉండేది. చదువు ఆగిపోయి ఊళ్ళో పొలాల వెంబడి తిరుగుతున్న నన్ను తీసుకొచ్చి, కాయ ఆరిందో లేదో చూసే పని అప్పగించాడు. వినడానికి తేలికే. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే, ఆరిన కాయలో గింజలు గలగలమంటాయి. పచ్చికాయ ఉలకదు, పలకదు. ఆ పచ్చికాయ గోతంలోకి పోయిందా, బొంబాయి చేరేలోపు గోతమంతా బూజు పడుతుంది. "ఒక్క గోతం బూజు పట్టినా మన కొట్టు పేరు పోద్దిరా" అన్నాడు మామయ్య మొదటిరోజు. ఆయన అన్నది ఒక్కసారే. నేను రోజుకి వందసార్లు అనుకునేవాణ్ణి. సీజను సగమయ్యేసరికి అత్తయ్య పంపిన క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి వెళ్ళేది, నేను మాత్రం టీ మీద టీ తాగుతూ నిలబడేవాణ్ణి. పడుకుంటే చెవిలో గింజలు గలగలమనేవి. గుండె దడదడలాడేది. కాసేపు మిరపకాయలు చూసేవాణ్ణి, కాసేపు నా నాడి చూసుకునేవాణ్ణి. (మధ్యలో మర్చిపోయి అదే చేత్తో కళ్ళు తుడుచుకున్న రోజులూ ఉన్నాయి. ఆ ఏడుపుని కూడా గుండెజబ్బు కిందే కట్టాను.)

గోతాల్లో కాయ కూరి, కాళ్ళతో తొక్కి, కుట్టే జట్టుకి ఒక సాయిబుగారు మేస్త్రి. అందరూ ఆయన్ని తొక్కుడు సాయిబుగారు అనేవాళ్ళు. ఒంగోలు వైపు పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఆ కొట్లోనే ఉన్నాడు. యజమాని మేనల్లుణ్ణని నన్ను, తన కొడుకంత వయసువాణ్ణి, మీరు అనేవాడు. "అబ్బాయిగారూ, కాయ ఎక్కడికీ పారిపోదండి. ముందు నాలుగు మెతుకులు తినండి" అని రోజూ మధ్యాహ్నం చెప్పేవాడు. దగ్గుతూ చెప్పేవాడు. ఆ దగ్గుని నేనే కాదు, ఎవరూ పట్టించుకోలేదు. మిరప కొట్లో దగ్గు ఒక వింతా? గుమ్మంలో అడుగుపెట్టినవాడల్లా దగ్గుతాడు, తుమ్ముతాడు.

ఒకరోజు మధ్యాహ్నం కాయల రాశి దగ్గర నాకు కళ్ళు తిరిగాయి. సాయిబుగారే నన్ను రిక్షాలో వేసుకుని బ్రాడీపేటలో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆయన చెయ్యి పట్టుకుని, మా అమ్మకి ఏం చెప్పాలో చెప్పాను. ఆయన "అట్టాగేనండి" అంటూ ఓపిగ్గా విన్నాడు. డాక్టరుగారు గుండె విన్నారు, వీపు తట్టి చూశారు, పొద్దున్నుంచీ ఏం తిన్నావని అడిగారు. టీ అన్నాను. మరి నిన్నేం తిన్నావన్నారు. అదే చెప్పాను.

"నీ గుండె ఎద్దు గుండెలాగుందయ్యా. వేళకి అన్నం తిని కాసేపు నడుం వాల్చు. సాయంత్రం కొట్టు వదిలి నాలుగు వీధులు తిరుగు. ఆ నాడి పట్టుకు చూసుకోవడం మానెయ్" అన్నారు.

సూది వెయ్యలేదు, సీసాలో మందు కూడా పొయ్యలేదు. నాకు అవమానంగా అనిపించింది. ఇంకోసారి వినమని అడుగుదామనుకుంటుండగా గుమ్మం దగ్గర నిలబడ్డ సాయిబుగారు దగ్గారు. డాక్టరుగారు నన్ను వదిలేసి అటు తిరిగారు.

"మీరూ ఆ కొట్లోనేనా? కొత్తగా చేరారా?"

"ముప్పై ఏళ్ళయిందండి."

"మిరప ఘాటుకి కొత్తవాళ్ళు దగ్గుతారు, నెలా రెండు నెలలకి అలవాటు పడతారు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్న మనిషికి ఇప్పుడు దగ్గేమిటి?"

ఎంత తేలికైన ప్రశ్న. కొట్లో అంతమందిమి ఉన్నాం, మాకెవరికీ తట్టలేదు. ఎక్స్‌రే తీయించారు. క్షయ అని తేలింది.

తిరిగొచ్చేటప్పుడు, నాకు అంటుతుందేమోనని ఆయన రిక్షా ఎక్కలేదు. పక్కనే నడుస్తూ, "కొట్లో చెప్పొద్దండి అబ్బాయిగారూ. తెలిస్తే మళ్ళా గుమ్మం ఎక్కనియ్యరు. ఈ సీజను గడవనివ్వండి, నేనే ఏదో మందు చూసుకుంటా" అన్నాడు. సరేనన్నాను. రెండు రోజులు ఆ మాట మీదే ఉన్నాను. మూడోరోజు ఆయన గోతంలో దిగి తొక్కుతూ, ఆయాసంతో అంచు పట్టుకుని ఆగిపోయాడు. జట్టులో ఆరుగురూ ఒకే కుండలో నీళ్ళు తాగుతున్నారు. వెళ్ళి మామయ్యకి చెప్పేశాను. "మిరపకాయ దగ్గే అనుకున్నాం గదరా" అన్నాడు ఆయన. తెలిసినవాళ్ళని పట్టుకుని శానిటోరియంలో మంచం ఇప్పించాడు. సాయిబుగారు తువ్వాలు భుజాన వేసుకుని, నా వంక చూడకుండా వెళ్ళిపోయాడు. మాట తప్పానన్న బాధ, ఆయన ఇక తిరిగి రాడేమోనన్న భయం, రెండూ నన్ను వదల్లేదు.

రెండు నెలలు జంకి, మూడో నెలలో బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను. చెట్ల కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొహం నిండింది. నేను నిలబడే ఉన్నాను.

"నీ మీద కోపం ఇంకా పోలేదు. కూచో" అన్నాడు. నన్ను నువ్వు అనడం అదే మొదలు. కూర్చున్నాను.

"నీ గుండె ఎట్టా ఉంది?"

"దాని సంగతే మర్చిపోయానండి."

"ఎప్పట్నించి?"

"మీరు ఇక్కడికొచ్చినప్పట్నించి."

ఆయన నవ్వాడు. బాగా, ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా నేను ఊపిరి బిగబట్టి దగ్గు కోసం చూశాను. రాలేదు.

తరువాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు, మిరపకాయ జోలికి మాత్రం పోలేదు. నాకిప్పుడు అరవై దాటాయి. పక్కనే ఒక మనిషి అన్నాళ్ళు దగ్గుతుంటే, తన నాడి తాను చూసుకుంటూ నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రావాలి. వస్తుంది కూడా. అంతలోనే వాణ్ణి ఆ కాయల రాశి దగ్గర్నుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కడుపునిండా అన్నం పెట్టి, కాసేపు పడుకోబెట్టాలనిపిస్తుంది.