గానీ అనకూడని వార్డు

మా ఆవిడ నర్సులకి పెద్ద. మానసిక రోగుల ఆసుపత్రిలో నూట నలభై మంది నర్సులు ఆవిడ మాట వినాలి. ఇంట్లో నేనొక్కణ్ణే, నేనూ వింటాను. "మీ ఆవిడ పిచ్చాసుపత్రిలో కదూ?" అని ఎవరైనా నా కుట్టుమిషన్ల రిపేరు షాపుకొచ్చి నవ్వితే, వాళ్ళ మిషను వారం ఆలస్యంగా ఇస్తాను. నా చేతిలో ఉన్న శిక్ష అదొక్కటే.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట మామూలు నర్సుగా చేరింది. అన్నం ముట్టనివాళ్ళ పక్కన కూర్చుని బతిమాలి తినిపించింది. ఓసారి ముంజేతి మీద పంటిగాట్లతో ఇంటికొచ్చి "పాపం, భయపడిందండీ" అంది. కుర్చీ ఎక్కాక మంచాల దగ్గరికి వెళ్ళడం తగ్గింది. మీటింగులు, కాగితాలు, ఎవరికి సెలవు, ఎవరు ఏ వార్డు. "నర్సు పని మర్చిపోతున్నానేమో" అంటే, "పెద్ద హోదా అంటే అంతేగా" అని కొట్టిపారేశాను.

ఆవిడ తెచ్చిన పద్ధతి ఒకటుంది. షిఫ్టు మారేటప్పుడు డ్యూటీ దిగేవాళ్ళు ఒక్కో మంచం గురించీ చెప్పి, వచ్చేవాళ్ళకి వార్డు అప్పజెప్పాలి. మనవాళ్ళకి మాట మొదలైతే ఆగదు కదా! "బాగానే ఉంది గానీ, నిన్న వాళ్ళ ఆడపడుచు వచ్చి వెళ్ళాక..." అని ఎత్తుకుంటే ముప్ఫై మంచాలకి గంటన్నర. అంతసేపూ పేషెంట్లని చూసే దిక్కు లేదు. మా ఆవిడ తెగేసి చెప్పింది: మంచానికి ఒక్క మాట. ప్రశాంతం అనో, ఆందోళన అనో, నిద్రలేదు అనో. "గానీ" వినపడకూడదు. గంటన్నర పని ఇరవై నిమిషాలకి దిగింది. డైరెక్టరు మెచ్చుకున్నాడు. వేరే ఆసుపత్రులవాళ్ళు వచ్చి రాసుకుని వెళ్ళారు. నేను షాపులో పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఆ పొద్దున్న ఆడవాళ్ళ వార్డులో మా ఆవిడ స్వయంగా నిలబడి వింటోంది. అప్పజెబుతున్నది చిట్టి సిస్టర్. మనిషి పొట్టి, అందుకే ఆ పేరు. మా ఆవిణ్ణి మేడమ్ అనే పిలుస్తుంది గానీ నన్ను "బాబాయ్" అంటుంది. మా వంటింట్లో తన కంచం తనే తీసుకునేంత చనువు.

"ఎనిమిదో మంచం టీచరమ్మ ప్రశాంతం గానీ, మేడమ్..."

మా ఆవిడ వేలు పైకెత్తింది. "ఏమన్నావ్?"

అందరూ కిసుక్కున నవ్వారు. చిట్టి కూడా నాలిక్కరుచుకుని, "ప్రశాంతం" అని రాసి, సంతకం పెట్టి తొమ్మిదో మంచానికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి చెప్పబోయింది ఏమిటంటే, టీచరమ్మ పొద్దున్నే లేచి తన శాలువా, దువ్వెన, చెప్పులు పక్కమంచాలవాళ్ళకి పంచేసింది. "నాకింక వీటితో పనిలేదు" అందిట నవ్వుతూ. ఆ ఒక్క ముక్క వింటే ఆయా కూడా ఆవిణ్ణి వదిలి కదిలేది కాదు. మధ్యాహ్నం టీచరమ్మ ప్రాణం తీసుకోబోయింది. ఆయా సమయానికి చూడబట్టి సరిపోయింది. వారం రోజులు పెద్దాసుపత్రిలో కళ్ళు తెరవక, చివరికి బతికి బయటపడింది.

విచారణ కమిటీ వేశారు. రిజిస్టరులో "ప్రశాంతం", కింద చిట్టి సంతకం. ఆ పిల్ల ఉద్యోగం ఊడేలా ఉంది. కమిటీకి వెళ్ళే ముందు మా ఆవిడ అన్నం కెలుకుతూ కూర్చుంది.

"నేనే దాని నోరు నొక్కానండీ."

"ఆ విషయం నా దృష్టికి రాలేదు అను. అబద్ధం కాదుగా, నిజంగానే రాలేదు" అన్నాను.

ఆ వాక్యం నాది. మా ఆవిడ దాన్ని పొల్లుపోకుండా కమిటీ ముందు వల్లించింది. పెద్దావిడే అలా అన్నాక మిగతావాళ్ళేం చేస్తారు? ఆ పొద్దున్న నవ్విన నర్సులంతా "గుర్తులేదు సార్" అన్నారు. చిట్టిని పనిలోకి రావద్దన్నారు, తుది నిర్ణయం మరో వారంలో అన్నారు. మా ఆవిడ నాతో మాటలు తగ్గించేసింది. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు కాస్త తేలిగ్గానూ ఉంది, దాచడమెందుకు.

ఆదివారం మేం భోజనాలకి కూర్చోబోతుంటే చిట్టి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుర్చీ అంచున కూర్చుంది.

"మేడమ్, కోప్పడకండి. ఆ రోజు నేను నిజంగా నోరు తెరిచానా? తెరిచాననుకుంటున్నానా? అందరూ లేదంటున్నారు, మీరు కూడా. జరగనిది జరిగిందని మన పేషెంట్లు ఇలాగే అంటారు కదా. నాకేమైనా మొదలైందా మేడమ్? మీకు చూస్తే తెలుస్తుంది, చూసి చెప్పండి."

మా ఆవిడ వెళ్ళి ఆ పిల్ల కాళ్ళ దగ్గర నేలమీద కూలబడింది.

"నీకేం కాలేదే తల్లీ. నువ్వు చెప్పబోయావు. నేనే ఆపాను. ఆపి, కమిటీ దగ్గర తప్పించుకున్నాను."

"అయితే నాకేం లేదన్నమాట!" అంటూ చిట్టి ఏడుస్తూనే నవ్వింది. కోపం రావలసిన చోట ఆ పిల్లకి ఊరట కలిగింది. అది చూడలేక నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి పోయాను.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ కమిటీకి ఉత్తరం రాస్తోంది. ఆ ఉత్తరంతో కుర్చీ పోతుందని మా ఇద్దరికీ తెలుసు. చిట్టి నీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు పట్టుకునే నా మొహంలోకి చూసింది.

"ఇదంతా మీకు తెలుసా బాబాయ్?"

"తెలుసమ్మా. కమిటీలో అనాల్సిన మాట నేర్పింది నేనే."

గ్లాసు కోసం చెయ్యి చాపాను. తను దాన్ని బల్లమీద పెట్టి, వెళ్ళి మా ఆవిడ పక్కన కూర్చుంది.