వెనక చక్రంలో గాలి

నాన్న రైల్వే వ్యాగన్ షెడ్డులో పనిచేసేవారు. చక్రాన్ని సుత్తితో కొట్టి, మోత విని, బాగుందో లేదో చెప్పేవారు. రిటైరయ్యాక ఆయనకు మిగిలినవి సైకిల్ చక్రాలు. పంపుతో గాలి కొట్టి, టైరును స్పానరుతో తట్టి, చెవి ఒగ్గి వింటారు. రబ్బరు ఏం పలుకుతుందో నాకు ఈనాటికీ తెలీదు. ఆయన దృష్టిలో చక్రమంటే ఇనుము, నొక్కితే లొంగకూడదు.

పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చిన నాటి నుంచీ అమ్మ నాన్న సైకిల్ క్యారియరు మీదే కూర్చుని బుధ్వారీ బజారుకు వెళ్ళేది. ఈ ఎండాకాలం ఒకరోజు, "నాను నడిసొస్తాను, మీరెల్లండి" అంది. మర్నాడూ అదే మాట. నాన్న మొహం మాడ్చుకున్నారు. ఆమెను అడక్కుండా నన్నడిగారు: "ముసిలోణ్ణి, పడదోసెస్తానని బయ్యమేటి మీ యమ్మకి?"

వీళ్ళిద్దరి మధ్య రాయబారాలు నడపడం నాకు చిరాకు. అయినా ఖాళీ క్యారియరుతో ఆయన వెళ్తుంటే చూడలేకపోయాను.

ఆదివారం ఆ సైకిల్ తీసుకుని ఊరి చివర సిర్గిట్టి దాకా తొక్కాను. దారిలో ఉన్న ప్రతి రాయీ నడుముకు తెలిసింది. తిరిగొచ్చి, నాన్న కళ్ళముందే వెనక చక్రంలో గాలి తీశాను.

"పాడు సేసీసినావు" అన్నారు.

అమ్మను బతిమాలి కూర్చోబెట్టాను. టైరు పూర్తిగా అణిగిపోయింది. "అచ్ఛా! రిమ్ము నేలకి తగిలీస్తంది, సూడు" అన్నారు నాన్న, ఎంతో సంతోషంగా. ఒళ్ళు మండింది. పంపు తీసుకుని కొంచెం కొట్టాను, ఆమెను మళ్ళీ కూర్చోమన్నాను, ఇంకాస్త కొట్టాను. బరువుకు టైరు కొద్దిగా ఒదిగి నిలబడ్డాక ఆపేశాను.

ఇద్దరూ బజారుకు వెళ్ళొచ్చారు. అమ్మ దిగి, కూరల సంచీ గుమ్మంలో పెట్టింది.

"ఈయాల నడుం నొప్పెట్టనేదు."

స్టాండు వేయబోతున్న నాన్న ఆగిపోయారు. "ఇన్నాళ్ళూ నొప్పెట్టేదేటి? మరి సెప్పవేటే?"

"సెప్తే మరెక్కించుకోరని ఊరుకున్నాను. ఇంక ఓపలేకపోనాను."

నాన్న ఆమె వైపు చూడలేదు. సైకిల్‌ను చాలాసేపు తుడిచారు.

ఇప్పుడు గాలి కొట్టాక స్పానరు తీయరు. "ఏటే, సరిపోనాదా?" అని వంటింట్లోకి కేకేస్తారు. అమ్మ తడిచేయి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, బొటనవేలితో టైరు నొక్కి చూస్తుంది. "కొంచెం తియ్యండి" అంటుంది. ఆయన తీస్తారు.