అరబా చెప్పిన మంగళవారం

మా రేవులో మంగళవారం నాడు ఎవడూ పడవ దింపడు. ఆ రోజు సముద్ర దేవుడిది. తెల్లదొర బంగారం చూపించినా, తుపాకీ చూపించినా మంగళవారమంటే మంగళవారమే. వలలు బాగుచేసుకుంటాం, తగవులు తీర్చుకుంటాం, తాగుతాం. ఆ వారాన పుట్టిన ఆడపిల్లకి అరబా అని పేరు పెడతాం. నేను చెప్పబోయే అరబా పడవవాళ్ల పెద్ద ఎన్సియా కూతురు. మొగుణ్ని అలలు మింగేశాయి, పిల్లల్లేరు. చేపలు పొగబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. నోరు మహా గడుసు. బేరం కుదరకపోతే కొనేవాడి అమ్మమ్మ దాకా వెళ్లేది.

తండ్రీ తమ్ముడూ ఓడలకి మంచినీళ్లు మోసేవాళ్లు, గుడ్డల మూటలు మోసేవాళ్లు, మనుషుల్నీ మోసేవాళ్లు. తెల్లవాళ్లు బానిసలుగా కొని, చేతులు వెనక్కి విరిచి కట్టిన మనుషుల్ని పడవకి పదిమంది చొప్పున అలలు దాటించి ఓడకి అప్పగించేవాళ్లు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. అరబా దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మేమూ ఆలోచించలేదులెండి, ఇప్పుడు నీతులు చెప్పడమెందుకు.

మా ఊరికీ తూర్పున ఇంకో రేవుకీ తగవొచ్చింది. అలా వచ్చినప్పుడు అవతలి ఊరివాడు ఎవడు దొరికితే వాణ్ని పట్టి కూర్చోబెట్టడం ఇక్కడి పద్ధతి. పెద్దలు మాట్లాడుకున్నాక వదిలేస్తారు. అరబాని ఆ తూర్పు రేవు సంతలో పట్టుకున్నారు. ఆవిడ భయపడలేదు సరికదా, నాకు కూడు సరిగ్గా పెట్టండి, మా నాన్న వచ్చాక మీ పని చెబుతాడు అని వాళ్లనే బెదిరించింది. కానీ పట్టినవాడు పెద్దల మాట కోసం ఆగలేదు. ఓ తెల్ల వర్తకుడికి అమ్మేసి చేతులు దులుపుకున్నాడు.

ఆ వర్తకుడి ఇంటికింద నేలకొట్టులో వెలుతురు లేదు. కూడు ఒకరోజు ఒకసారి పడేసేవాళ్లు, ఒకరోజు రెండుసార్లు. పైగా జ్వరం. ఎన్ని రోజులు గడిచాయో అరబాకి లెక్క తప్పిపోయింది. పక్కన గొలుసుతో ఉన్న అంపోన్సా అనే లోపలి అడవుల మనిషి తన వంతు నీళ్లు ఆమె నోట్లో పోసి బతికించాడు. తర్వాత అందరినీ ఓడెక్కించారు.

ఓడ తూర్పు రేవులోనే చాలా రోజులు ఆగింది. ఆడవాళ్లకి సంకెళ్లు వెయ్యరు. మధ్యలో ఎత్తయిన చెక్క అడ్డు. దానికి వెనక తట్టున ఉండి, మిరియాలు దంచి, అందరికీ చిక్కుళ్లు ఉడకబెట్టాలి. పొద్దున కూడు వేళకి మగవాళ్లని పైకి తెచ్చి, ముందు తట్టున గొలుసులతోనే కూర్చోబెడతారు. గిన్నెలు అందించడానికి ఆడవాళ్లు అటు వెళ్లొచ్చు. అంపోన్సా ఆలోచనంతా ఆ గిన్నెల మీదే సాగింది. ఆడవాళ్లు ఓడ వడ్రంగి సుత్తీ, రెండు గొడ్డళ్లూ కొట్టేసి చిక్కుళ్ల గోనెల్లో దాచారు. తెల్లవాళ్లలో సగంమంది జ్వరాలతో పడున్నారు. వాళ్లని గెలవడం పెద్ద పని కాదు. భయమల్లా ఒడ్డునుంచి వచ్చే పడవల గురించే. ఓడలో తిరుగుబాటు అని ఫిరంగి మోగిందంటే చాలు, రేవు పడవలన్నీ వచ్చేస్తాయి. నీళ్లలో దూకినవాణ్ని పట్టిస్తే తలకింత గుడ్డ, ఇంత సారా. మావాళ్లకి ఆ పని కొట్టిన పిండి.

అప్పుడు అరబా వాళ్లకి మంగళవారం సంగతి చెప్పింది. ఓడ ఇంకా మనుషుల కోసం తన రేవుకి చేరి, మంగళవారం పడిందా, ఫిరంగి పగిలేదాకా మోగినా ఒక్క పడవా కదలదు. ఓడ చిన్నపడవల్లో ఊరికి దూరంగా ఇసుకలో దిగి అడవి పట్టుకుని పోవచ్చు. అడవివాళ్లకి సముద్రపు వారాలూ వర్జ్యాలూ ఏం తెలుస్తాయి? ఆవిడ మాటే వాళ్లకి దిక్కయింది.

ఒక సాయంత్రం ఓడ మా రేవు ముందు లంగరు వేసింది. పొద్దున అరబా అడ్డు పక్కనుంచి చూస్తే తన ఒడ్డు, తన చేపల పొగ కనిపించాయి. కొత్త ఓడ వచ్చిందంటే మావాళ్లు పోటీలు పడి పడవలు తోసుకొస్తారు. ఆ పొద్దున ఒక్కటీ రాలేదు. అలలు చూస్తే మెత్తగానే ఉన్నాయి. మంగళవారం కాక ఇంకేమవుతుంది!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆవిడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మర్నాడు తండ్రి పడవ వస్తుంది, కూతుర్ని చూస్తాడు, ఎలాగోలా విడిపించుకుపోతాడు. అలా జరుగుతుందనే ఆవిడ నమ్మకం. చిక్కుళ్ల గిన్నె చేత్తో పట్టుకుని చాలాసేపు ఒడ్డునే చూస్తూ నిలబడింది. నేనైతే నోరు మూసుకునేవాణ్ణి, అబద్ధమెందుకు. ఆవిడ గిన్నె తీసుకెళ్లి అంపోన్సా ముందు పెట్టింది.

"అన్నా, ఇవాళే," అంది.

"మంగళవారమేనా చెల్లీ? సరిగ్గా చూశావా?"

"నేను పుట్టిన వారం నాకు తెలీదా!"

గోనెల్లోంచి సుత్తి వచ్చింది. సంకెళ్ల మేకులు ఊడాయి. మిరియాల పొడి తెల్లవాళ్ల కళ్లలో పడింది. కాసేపట్లో ముందు తట్టంతా వీళ్లదే అయింది. తెల్లవాళ్లు అడ్డు వెనక్కి చేరి, అరబాతో సహా ఆడవాళ్లని ఓ మూలకి నెట్టి తుపాకులు పేల్చారు. ముందు తట్టున చాలామంది పడిపోయారు. అయినా మిగిలినవాళ్లు ఒక చిన్నపడవని నీళ్లలోకి దించారు. అందులో పట్టనివాళ్లు దూకి దాని అంచులు పట్టుకుని ఈదుతున్నారు. అప్పుడు ఓడ ఫిరంగి మూడుసార్లు మోగింది. మోగనీ అనుకుంది అరబా.

ఒడ్డున పడవలు కదిలాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఊళ్లో ఉన్నవన్నీ కదిలాయి.

అరబాకి మొదట అర్థం కాలేదు. దగ్గరికొచ్చాక కనిపించింది. పడవవాళ్ల నుదుళ్లకి ఎర్రమట్టి ఉంది, చేతులకి ఎర్రగుడ్డలున్నాయి, అవి మా చావు గుర్తులు. పడవవాళ్లలో పెద్దవాడు పోతే సమాధి చేసేదాకా మావాళ్లు పనికి వెళ్లరు. ఊరంతా ఒడ్డునే కూర్చుని ఏడుస్తుంది. కానీ అది మనుషులు పెట్టుకున్న కట్టు, దేవుడి వారం కాదు. ఫిరంగి పిలిస్తే లేచి రావచ్చు. అన్నిటికంటే ముందున్న పడవ వెనకభాగాన చుక్కాని తెడ్డు పట్టుకున్నది ఆవిడ తమ్ముడు ఎకోవ్. ఆ తెడ్డు తండ్రిది. ఆయన బతికుండగా ఇంకొకణ్ని ముట్టుకోనివ్వలేదు.

చిన్నపడవని తిరగేశారు. కొందరు మునిగిపోయారు. ఎకోవ్ ఏడుగురిని పట్టి, చేతులు కట్టి, తన పడవలో పడేసుకుని ఓడ పక్కకి వచ్చాడు. ఆ ఏడుగురిలో అంపోన్సా ఉన్నాడు. కూలి అడగడానికి తలెత్తిన ఎకోవ్‌కి అక్క కనిపించింది.

"అక్కా! నువ్విక్కడున్నావా! నాన్న రాత్రి పోయాడే," అని ఏడ్చాడు.

"వాళ్లని వదిలెయ్యరా ఎకోవ్," అంది ఆవిడ. తుపాకుల మోతలో ఆ మాట వినపడలేదో, విననట్టు ఊరుకున్నాడో, అది ఎకోవ్‌కే తెలియాలి.

ఓడ దొరకి పడవవాళ్లతో ముందు ముందూ పనుంది, వాళ్లతో పేచీ పెట్టుకోలేడు. ఎకోవ్ గుడ్డా సారా ఏమీ వద్దన్నాడు. ఈ ఏడుగురిని తీసుకో, మా అక్కనివ్వు అన్నాడు. దొర క్షణం ఆలోచించి సరేనన్నాడు. ఏడుగురికి ఒక ఆడమనిషి అంటే వాడికి లాభమే.

తాళ్లతో ఒక్కొక్కణ్ని పైకి లాగుతున్నారు. అరబాని తాడు నిచ్చెన దగ్గరికి తోశారు. అంపోన్సాని పైకి లాగాక ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆయన పక్కటెముకల దగ్గర రక్తం కారుతోంది. కోపమేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"ఇవాళ ఏ వారం చెల్లీ?"

అరబా కింద ఉన్న తమ్ముణ్ని అడిగింది. "సోమవారం" అన్నాడు ఎకోవ్. ఆ మాట అంపోన్సాకి ఆవిడే చెప్పాల్సి వచ్చింది. ఓడవాళ్లు ఆయన్ని మెడపట్టి లాక్కుపోయారు.

పొద్దు గూకకముందే ఎన్సియాని సమాధి చేశారు. అరబా ఇసుకలో పడి దొర్లి ఏడ్చింది. గొంతు పోయేదాకా, ఆడవాళ్లు చేతులు పట్టుకుని ఆపేదాకా ఏడ్చింది. కంటే ఇలాంటి కూతుర్ని కనాలి, తండ్రంటే ఎంత ప్రాణం అని ఊరంతా మెచ్చుకున్నారు. ఆ ఏడుపు ఒక్క తండ్రి కోసమే కాదని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.