అత్తయ్యగారి సగం మాత్ర

ఆ రోజుల్లో, నా చేతికి మైకు ఇస్తే చాలు, ఊళ్ళో జబ్బులన్నీ జడిసి పారిపోతాయని నాకు గట్టి నమ్మకం. నర్సింగు పూర్తిచేసి, కాట్రేనికోన దగ్గర ఒక పల్లెలో ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చేను. ఇస్త్రీ నలగని తెల్లకోటు, మెళ్ళో స్టెతస్కోపు (కూరగాయలకెళ్ళినా తీసేదాన్ని కాదు). నేను అద్దెకున్న ఇంటివాళ్ళని అత్తయ్యగారూ, మామయ్యగారూ అని పిలిచేదాన్ని. అత్తయ్యగారికి బీపీ ఉందని కనిపెట్టింది నేనే. అమలాపురంలో డాక్టరుగారు రోజుకో మాత్ర రాసేరు. ఆ వారంలోనే బీపీ మీద నా మొదటి ఉపన్యాసం. "బీపీ ఒక్కరి సమస్య కాదు, ఇంటిల్లిపాదీ పంచుకోవాలి!" అని చెయ్యెత్తి మరీ ముగించేను. ముందు వరసలో కూచున్న అత్తయ్యగారు ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటూనే ఉన్నారు. "అందరికీ అర్థమైందాండీ?" అంటే "ఆయ్!" అంది సభ మొత్తం. ఇంకేం కావాలి? ఆ పూట నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

నెల తిరిగినా అత్తయ్యగారి బీపీ దిగలేదు. మాత్ర వేసుకుంటున్నారా అంటే, ఒక్కరోజు మానితే ఒట్టన్నారు. ఆవకాయని అనుమానించేను, ఎండుచేపల్ని అనుమానించేను. ఆవిడకేమైనా అవుతుందేమోనని లోపల ఒకటే దిగులు. ఒకరోజు పొద్దున్నే కాఫీపొడి నిండుకుంటే అడుగుదామని వాళ్ళ వంటింట్లోకి వెళ్ళేను కదా, అత్తయ్యగారు మాత్రని అడకత్తెరలో పెట్టి టక్కుమని రెండు చేసేరు. ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండోది మామయ్యగారి అరచేతిలో పెట్టేరు.

"అయ్యో, ఏంటండీ ఇది!"

"నువ్వే కదమ్మా పంచుకోమన్నావు?" అన్నారావిడ. "పెళ్ళైన కాణ్ణించీ ఈయనకి పెట్టకుండా నేనేదీ నోట్లో వేసుకోలేదు. ఇదొక్కటీ ఎలా మింగనూ?"

"చేదేననుకో అమ్మా. ఆవిడ మాట తీసెయ్యలేక..." అని నసిగేరు మామయ్యగారు.

ఆయనకి ఎప్పుడైనా బీపీ చూపించేరా అని అడిగితే, "నాకెందుకూ, గుండ్రాయిలా ఉన్నాను" అన్నారు. బీపీ మిషను తెచ్చి, బలవంతాన చేతికి పట్టీ చుట్టి చూసేను. ఆవిడకంటే ఎక్కువుంది! మళ్ళీ చూసినా అంతే. అత్తయ్యగారి మొహంలో నెత్తుటిచుక్క లేదు. అప్పటికప్పుడు ఆటో మాట్లాడి ఇద్దర్నీ అమలాపురం తీసుకెళ్ళేను. "మంచిపని చేసేవమ్మా, సమయానికి తెచ్చేవు" అని డాక్టరుగారు ఆయనకి వేరే మాత్ర రాసేరు. (మెచ్చుకోవలసింది అడకత్తెరని అని నేను చెప్పలేదు.)

తిరుగు ప్రయాణంలో ఉపన్యాసం జోలికి పోలేదు. "అత్తయ్యగారూ, రేపట్నించి ఏం చేస్తారో మీరే నాకు చెప్పండి" అన్నాను.

"ఆయన మాత్ర ఆయనది, నాది నాది. తగ్గిందని మనంతట మనం ఆపకూడదు" అని అప్పచెప్పి, "ఎదురెదురుగా కూచుని వేసుకోవచ్చా అమ్మా?" అన్నారు.

వేసుకోవచ్చన్నాను. మరో రెండు నెలలకి ఇద్దరి బీపీ దారికొచ్చింది.

ఇప్పుడు నా తల సగం నెరిసింది. ఆ తెల్లకోటు పిల్ల ఎక్కడైనా ఎదురుపడితే, పక్కన కూచోబెట్టుకుని, చేతిలో మైకు మెల్లిగా తీసేసుకుని, "ముందు వాళ్ళు చెప్పేది విను తల్లీ" అనాలనిపిస్తుంది. వింటుందని నమ్మకం మాత్రం లేదు.