దీర్ఘం లేని చివరి మాట

2023 వానకాలం. కోరుట్ల బస్టాండుకు కొంచెం అవతల నాకొక డీటీపీ షాపు ఉంది. డీటీపీ అంటే చేతిరాతను కంప్యూటర్లో కొట్టి, అచ్చుకు పంపేందుకు పేజీలుగా కట్టడం. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులతోనే షాపు నడుస్తుంది. పుస్తకాలు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. రాజమల్లు సార్ నవలలు మూడూ నేనే కొట్టాను. నాలుగోది ఆయన పోయిన తర్వాత వచ్చింది.

సార్‌ది సిరిసిల్ల. చదువు చెప్పిన సార్ కాదు, మరమగ్గం నడిపిన మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. పుస్తకాలు రాశారని అందరూ సార్ అనేవారు. రాష్ట్రమంతా తెలిసిన పేరేం కాదు. చదివినవాళ్లు మాత్రం ఆయన్ని వదిలిపెట్టలేదు. ఆయన పోయిన నెల రోజులకు కూతురు అరుణ ఒక సంచిలో కాగితాల కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"బాపు పూర్తిగ రాసిండక్కా. నువ్వే కొట్టాలె" అంది.

నవల పేరు 'ఎడమ సాంచ'. ఒకే షెడ్డులో రెండు సాంచాలు నడుపుకునే అన్నదమ్ముల కథ. ఒకరోజు మాటామాటా పెరిగి, తమ్ముడు తన ఎడమ సాంచ ఆపేసి ఊరు విడిచి వెళ్తాడు. ఇది సార్ సొంత కథేనని ఆయన పాఠకులందరికీ తెలుసు. ఆయన తమ్ముడు భూమయ్య అలాగే సిరిసిల్ల విడిచి కోరుట్లకు వచ్చాడు. ఎందుకు చెడిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. అన్న చనిపోయిన రోజు భూమయ్య గల్లీ మొదట్లో నిలబడి, శవం వెళ్లాక అటు నుంచి అటే తిరిగి వచ్చాడట.

పని మొదలుపెట్టిన వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. అందరికంటే ఎక్కువ చేసింది రాయికల్ శ్రీకాంత్. అక్కడ ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాడు. సార్ పాఠకులకు ఒక వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే.

"అక్కా, బుక్ అచ్చిందా?" అన్నాడు. వచ్చిందా అనడానికి మా వైపు అచ్చిందా అంటారు.

"ఇంక అచ్చు గాలే తమ్మీ. ప్రూఫ్‌ల ఉన్నది."

"అచ్చిందా అంటే అచ్చు గాలే అంటవ్. ఒక్క ముక్క అర్థమైతలేదక్కా."

"అచ్చయితెనే అచ్చుడు."

"మంచిగ చెప్పినవ్. సరే, గా అన్నదమ్ములు ఆఖరికి కలుస్తరా? మా గ్రూపుల సగం మంది కలుస్తరంటున్నరు, సగం మంది కలువరంటున్నరు. పొద్దుగాల్ల లేస్తె గదే లొల్లి. నువ్వన్న చెప్పరాదు."

"అచ్చు గాకముందు చెప్పొద్దు తమ్మీ."

చెప్పకూడదన్నది మా పనిలో నియమం. అప్పటికి చివరి పేజీ నేను కొట్టలేదు కూడా. కొట్టాక ఏం చెప్పాలో నాకే తెలియలేదు.

నవల చివర అన్న మూతపడ్డ షెడ్డులోకి వెళ్తాడు. సార్ రాసింది ఇది: "ఎడమ సాంచ మీద పోగు తెగి ఉన్నది. అన్న నిలబడి చూసిండు. అతకలె."

మా మాటలో 'అతకాలె' అంటే అతకాలి. 'అతకలే' అంటే అతకలేదు. ఒకదానిలో క మీద దీర్ఘం, మరొకదానిలో ల మీద. సార్ రెండు చోట్లా దీర్ఘం పెట్టలేదు. మాట చివర్లో దీర్ఘాలు వదిలేయడం ఆయనకు మొదటి నుంచీ అలవాటు. 'పోవాలె' అన్నా 'పోవలె' అనే రాసేవారు, 'పోలే' అన్నా 'పోలె' అనే రాసేవారు. "దీర్ఘాలు నువ్వు చూసుకో బిడ్డా, నాకు చెయ్యి ఆగదు" అనేవారు. ఏ మాటైనా ముందూ వెనకా చూస్తే తేలిపోయేది. తేలకపోతే ఫోన్ చేసేదాన్ని.

ఇక్కడ ముందూ వెనకా చూసినా తేలలేదు. తెగిన పోగును చూసి అతకాలి అనుకున్నాడంటే సరిపోతుంది. చూసి కూడా అతకలేదంటే అదీ సరిపోతుంది. ఫోన్ తీసి సార్ పేరు దాకా వెళ్లి ఆగాను. ఆయన పోయారని నాకు సరిగ్గా తెలిసింది అప్పుడే అనుకుంటాను.

ప్రూఫ్ అంటే కొట్టిన పేజీలను కాగితం మీద తీసి, రాతప్రతి పక్కన పెట్టుకుని తప్పులు దిద్దడం. ఆ నవల ప్రూఫ్ మొత్తం ఆ ఒక్క మాట కోసం మళ్లీ చదివాను. అన్న మెత్తబడుతున్నాడనిపించే పేజీలున్నాయి. ఆ వెంటనే బిగుసుకుపోయే పేజీలూ ఉన్నాయి. చదివినకొద్దీ ఇంకా గందరగోళంలో పడ్డాను. అరుణకు ఫోన్ చేశాను.

"నాకేం తెల్వదక్కా. చిన్నబాపు ముచ్చట బాపు ఇంట్ల తీయకపోయేది" అంది. మళ్లీ తనే, "చిన్నబాపు గూడ అడిగిపిస్తుండు, పుస్తకం ఎప్పుడస్తదని. ఆయన అడుగడు, వాళ్ల పక్కింటాయనతోని అడిగిపిస్తడు" అంది.

రెండు రోజులకు భూమయ్య స్వయంగా షాపుకు వచ్చాడు. పెళ్లి కార్డులు చూసేందుకు వచ్చినట్టు వాటిని తిరగేస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఎవరి పెళ్లి కాకా?" అని అడిగాను.

"ఎవలదీ లేదు" అని కార్డు కింద పెట్టాడు. "మా అన్న ఆఖరికి ఏం రాసిండు బిడ్డా?"

నియమం పక్కన పెట్టి రాతప్రతి చివరి కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు సవరించుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"ఏంది గిది? అతకాలెనా, అతకలేనా?"

"గదే తెల్వట్లేదు కాకా. సార్ దీర్ఘాలు పెట్టకపోయేది."

"సిన్నప్పుడు గూడ గంతే. పంతులు ఎన్ని దెబ్బలు కొట్టిండో! దెబ్బలన్న తిన్నడు గని దీర్ఘం పెట్టలే." నవ్వబోయి ఆగిపోయాడు. "ఇప్పుడు నువ్వేం పెడుతవు?"

"నాకేం సమజైతలేదు."

"నువ్వు అతకాలె అని పెడితె మా అన్న నన్ను పిలిచినట్టు. అతకలే అని పెడితె పిలువనట్టు. ఆయన పాయె. ఇగ నీ చేతుల ఉన్నది" అన్నాడు. గొంతులో కోపం లేదు, బతిమాలడం కూడా లేదు. కాగితాన్ని జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

'అతకాలె' అని పెట్టమని నా మనసు చెప్పింది. ఒక ముసలాయన ఊరట పడతాడు, పాఠకుల్లో సగం మంది సంతోషిస్తారు, ఎవరూ నన్ను అడగరు. కానీ ఊరట ఇవ్వాలని సార్ అనుకున్నారో లేదో నాకు తెలియదు. ఇవ్వకూడదని అనుకున్నారనీ తెలియదు. మూడుసార్లు దీర్ఘం పెట్టి తీశాను. చివరికి ఆయన రాసినట్టే, ఏ దీర్ఘమూ లేకుండా 'అతకలె' అని ఉంచి ఫైలు హైదరాబాద్ ప్రెస్‌కు పంపాను. సరైన పని చేశానన్న నమ్మకంతో కాదు, ఇంకో దారి కనిపించక.

సిరిసిల్లలో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో పుస్తకం విడుదల పెట్టారు. జగిత్యాల నుంచి, ముస్తాబాద్ నుంచి, బుగ్గారం నుంచి కూడా పాఠకులు వచ్చారు. చాలామంది కాపీ చేతికి రాగానే చివరి పేజీ తీశారు. ఆ వెంటనే పక్కవాళ్ల పేజీలోకి చూశారు. భూమయ్య వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

శ్రీకాంత్ మైకు తీసుకుని, "ఆఖరి పేజీ భూమయ్య కాకతోని చదివిపిద్దాం" అన్నాడు. కాగితం మీద ఆ మాట ఎటూ తేలకుండా ఉండగలదు. నోటితో చదివేవాడు మాత్రం ఏదో ఒకటి అనక తప్పదు. ఈ సంగతి నాకు అంతకు ముందు తట్టలేదు.

భూమయ్య వద్దనలేదు. ముందుకు వచ్చి మెల్లగా చదివాడు. "ఎడమ సాంచ మీద పోగు తెగి ఉన్నది. అన్న నిలబడి చూసిండు." ఊపిరి తీసుకుని, "అతకలే" అన్నాడు.

"కాదు కాకా, అతకాలె అది! అచ్చుతప్పు పడ్డది" అని శ్రీకాంత్ అరిచాడు. ఇంకెవరో "కాకనే కరెక్ట్" అన్నారు. హాలంతా లొల్లి లేచింది.

భూమయ్య పుస్తకం మూసి, "నా బుక్కుల గట్లనే ఉన్నది తమ్మీ" అన్నాడు.

మీటింగు అయిపోయాక మెట్ల దగ్గర అరుణ ఆయన్ని ఆపింది. "చిన్నబాపు, ఇంటికి రా. ఇంత తిని పోదువు."

"మీ బాపు పిలిస్తె ఎన్నడో అచ్చేటోన్ని బిడ్డా."

"నేను పిలుస్తున్న గద."

భూమయ్య చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. ఆమె ముందు నడిస్తే వెనకాలే వెళ్లాడు.

తప్పులు పట్టడమే మా పని అనుకుంటూ ఇన్నేళ్లు చేశాను. ఏది తప్పో తెలియని చోట చెయ్యి తీసేయడం కూడా పనిలో భాగమేనని ఈ పుస్తకంతో నేర్చుకున్నాను. అంతకు మించి నేర్చుకున్నానని చెప్పలేను. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఆఖరి పేజీలో అచ్చుతప్పు ఉందంటారు. ఏం ఉండాలని అడుగుతాను. ప్రతి ఒక్కరూ తడుముకోకుండా చెబుతారు. చెప్పిన మాట మాత్రం అందరిదీ ఒకటి కాదు. "గట్లనే చదువుకో తమ్మీ" అని ఫోన్ పెట్టేస్తాను. వాళ్లు చదువుకునేది సార్ అనుకున్న మాటో కాదో నాకు తెలియదు.